మడత కాగితంలో రాసే ఉంది

2024 ఏప్రిల్ చివరి వారం. లోక్‌సభ ఎన్నికల్లో రెండు దశల పోలింగ్ అయిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో మే 13 పోలింగ్ కోసం మండుటెండలో ప్రచార రథాలు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే లండన్ నుంచి ఒక వార్త వచ్చి పడింది. తమ కోవిడ్ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే టీటీఎస్ అనే జబ్బు రావచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ హైకోర్టుకు ఇచ్చిన పత్రంలో ఒప్పుకుందన్నది ఆ వార్త. ఆ పత్రం దాఖలైంది ఫిబ్రవరిలో, పత్రికలకెక్కింది ఏప్రిల్‌లో. అదే టీకాను మన దేశంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో తయారు చేసింది. దేశంలో వేసిన డోసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా అదే.

ఇక టీవీల్లో రభస మొదలైంది. ప్రజల ప్రాణాలతో ఆడుకున్నారని ప్రతిపక్షాలు, భయం పుట్టించి ఓట్లు దండుకోవాలని చూస్తున్నారని అధికార పక్షం. అదే వారంలో కోవిన్ సర్టిఫికెట్ మీద ప్రధాని ఫొటో కనబడకపోయేసరికి, గుట్టు రట్టయిందని తీసేశారంటూ వాట్సాప్‌లో ప్రచారం సాగింది. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది కాబట్టి తీశామని ఆరోగ్య శాఖ చెప్పింది. కోడ్ సంగతి నిజమే. కానీ అప్పటికి వినే ఓపిక ఎవరికుంది? మే నెలలో ఆస్ట్రాజెనెకా ఐరోపాలో తన టీకా అనుమతులను వెనక్కి తీసుకోవడంతో అనుమానం ఇంకాస్త ముదిరింది. కొత్త రకాలకు సరిపడే టీకాలు మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి, తమ టీకాకు గిరాకీ లేదు, అందుకే ఆపామని కంపెనీ వివరణ ఇచ్చింది.

ఈ గోలలో సీరం కంపెనీ ఒక ముక్క చెప్పింది. టీటీఎస్‌తో సహా అరుదైన దుష్ప్రభావాలన్నిటినీ 2021లోనే ప్యాకేజీ ఇన్సర్ట్‌లో రాశామని, ఆ ఏడాది డిసెంబర్ నుంచి తయారీయే ఆపేశామని. అంటే బ్రిటన్ కోర్టులో బయటపడ్డ 'రహస్యం' మూడేళ్ల కిందటే అచ్చయి ఉంది. ఎక్కడ? ఐదు మిల్లీలీటర్ల వయల్ వచ్చే అట్టపెట్టెలోని మడత కాగితంలో. ఆ వయల్ నుంచి పది మందికి, మనిషికి అర మిల్లీలీటర్ చొప్పున సూది వేస్తారు. కాగితం పెట్టెతో పాటు ఆరోగ్య కేంద్రం దాకా వస్తుంది. సూది వేయించుకునే మనిషి దాకా రాదు. ఆ మనిషికి అందింది ఫోన్‌కు ఒక మెసేజ్, అరగంట కూర్చోడానికి ఒక కుర్చీ, ఆ తర్వాత ఫొటో ఉన్న సర్టిఫికెట్.

చెప్పామని కంపెనీ అంటుంది, మాకెవరూ చెప్పలేదని జనం అంటారు. ఇద్దరిదీ నిజమే. టీకా రాజకీయమంతా ఈ రెండు నిజాల నడుమనే నడుస్తోంది.

టీటీఎస్ అంటే ఏమిటి, ఏది కాదు

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అంటే మన ఇళ్లలో అందరికీ తెలుసు. అవి పడిపోతే రక్తస్రావం భయం. టీటీఎస్‌లో విడ్డూరం ఏమిటంటే, ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉంటాయి, అదే సమయంలో రక్తం గడ్డలు కడుతూ ఉంటుంది. ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద శరీరమే యాంటీబాడీలు తయారు చేసుకుని, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టడం దీనికి కారణం. మెదడు సిరల్లో, పొట్టలోని సిరల్లో గడ్డలు ఏర్పడతాయి. సాధారణంగా మొదటి డోసు తర్వాత, నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు ఇది బయటపడుతుంది. ఎంతకీ తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కాలు వాయడం, ఆయాసం లాంటివి లక్షణాలు. ముందే గుర్తిస్తే చికిత్స ఉంది. అయితే గడ్డలకు మామూలుగా వాడే హెపారిన్ విషయంలో ఇక్కడ డాక్టర్లు జాగ్రత్త పడాలి. అందుకే తెలిసి ఉండటం ప్రాణం నిలిపే విషయం.

ఆరు వారాల గడువు గుర్తుంటే 2024 మేలో ఊరూరా పట్టుకున్న టెన్షన్‌కు అర్థం లేదని తెలుస్తుంది. 2021లో సూది వేయించుకున్న మనిషికి మూడేళ్ల తర్వాత టీటీఎస్ రాదు. జిమ్‌లో కుప్పకూలిన కుర్రాడి వీడియోకూ దీనికీ సంబంధం లేదు.

ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసింది కూడా 2024లో కాదు. 2021 మార్చిలో ఐరోపాలో చాలా దేశాలు ఆస్ట్రాజెనెకా టీకాను కొద్ది రోజులు ఆపాయి. ఏప్రిల్ 7న ఐరోపా ఔషధ సంస్థ సంబంధం ఉండొచ్చని ప్రకటించింది. డెన్మార్క్ పూర్తిగా మానేసింది. బ్రిటన్ ముందు 30 ఏళ్ల లోపు వాళ్లకు, తర్వాత 40 లోపు వాళ్లకు వేరే టీకా ఇవ్వమంది. ఈ వయసు లెక్కలో ఒక తర్కం ఉంది. కుర్రవాళ్లకు కోవిడ్‌తో చనిపోయే ముప్పు తక్కువ, ఈ జబ్బు ముప్పు కాస్త ఎక్కువ. పెద్దవాళ్లకు తూకం అటువైపు. అక్కడ వేరే టీకాలు చేతిలో ఉన్నాయి గనక ఆ తూకం వేసే వెసులుబాటు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు తీస్తున్న మన దేశంలో ఆ వెసులుబాటు లేదన్నది ఒప్పుకోవాలి. చెప్పే వెసులుబాటు మాత్రం ఉంది.

టీకా వల్ల మేలు జరిగిందా అన్న దాని మీద పెద్ద తగువు అక్కర్లేదు. 2021లో టీకాలు మన దేశంలో సుమారు 42 లక్షల ప్రాణాలు కాపాడాయని లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు అంచనా కట్టారు. అది మోడల్ మీద వేసిన లెక్కే, అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ మేలు ఎంతో పెద్దదనీ, కీడు ఎంతో చిన్నదనీ తేలిపోయింది. తేలనిది ఆ చిన్న కీడు ఎవరింట్లో పడిందో వాళ్ల సంగతి.

110 శాతం

ఈ రాజకీయం పుట్టింది 2024లో కాదు, మొదటి సూది పడకముందే. 2021 జనవరి 3న డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ వి.జి. సోమాని కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లకు అనుమతి ప్రకటిస్తూ ఇవి 110 శాతం సురక్షితం అన్నారు. ఔషధ నియంత్రణ చూసే అధికారి నోట రావాల్సిన మాట కాదది. వందకు మించిన శాతం ఎన్నికల సభల్లో వినబడుతుంది, ప్రయోగశాలలో ఉండదు. పైగా అప్పటికి హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల్లో 25,800 మందిని చేర్చుకునే పనే సాగుతోంది. అది ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే ఫలితం రాలేదు.

కాంగ్రెస్ నాయకులు శశి థరూర్, జైరాం రమేశ్ ఆ సంగతే అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. కానీ దానికి ఒక రోజు ముందే అఖిలేశ్ యాదవ్ ఇది బీజేపీ టీకా, నేను వేయించుకోనని అనేశారు. ఇక సరైన ప్రశ్న కూడా అదే గాటన కట్టేశారు. ప్రశ్నించినవాళ్లంతా భారతీయ శాస్త్రవేత్తలను అవమానించినవాళ్లయ్యారు. (అఖిలేశే ఆ ఏడాది జూన్‌లో, కేంద్రం అందరికీ ఉచితంగా ఇస్తామన్నాక, ఇది భారత ప్రభుత్వ టీకా కాబట్టి వేయించుకుంటానన్నారు. అయిదు నెలల్లో టీకా పార్టీ మారింది.)

కంపెనీల మధ్య కూడా గొడవే. మిగతా టీకాలు నీళ్లలాంటివన్న అర్థం వచ్చేలా సీరం అధిపతి అదార్ పూనావాలా మాట జారితే, మరునాడు భారత్ బయోటెక్ కృష్ణ ఎల్లా ప్రెస్‌మీట్ పెట్టి తమవి 200 శాతం నిజాయితీ గల ప్రయోగాలని ఎదురు చెప్పారు. 110 దాటి 200కి పోయింది పాట. తర్వాత ఇద్దరూ కలిసి ఉమ్మడి ప్రకటన ఇచ్చి గొడవ ముగించారు. ఆ తర్వాత కోవాగ్జిన్ మూడో దశ ఫలితాలు 77.8 శాతం సామర్థ్యంతో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి, అదీ 2021 నవంబర్‌లో. టీకా నిలబడింది. అనుమతి ఇచ్చిన తీరు మీద అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఫలితం బాగుంది కాబట్టి ప్రశ్నే తప్పన్నట్టు సరిపెట్టేశారు.

లెక్కపెట్టిన తీరు

2021 మే 17న ఆరోగ్య శాఖ ఒక లెక్క విడుదల చేసింది. టీకా తర్వాత తీవ్ర సమస్యలొచ్చిన 498 కేసులను జాతీయ కమిటీ పరిశీలించగా, 26 కేసుల్లో రక్తం గడ్డకట్టిన సూచనలు కనిపించాయి. పది లక్షల డోసులకు 0.61 కేసు. బ్రిటన్‌లో ఇది 4, జర్మనీలో 10. దక్షిణాసియా మూలాలున్న వాళ్లకు ఈ ముప్పు దాదాపు 70 శాతం తక్కువని కూడా ఆ ప్రకటనలో ఉంది.

అది కొంత నిజం కావచ్చు. కానీ అది ఏ నెలో గుర్తు చేసుకోవాలి. రెండో వేవ్ నడిమధ్య. ఆస్పత్రి వరండాల్లో మంచాలు. అలాంటప్పుడు, పది రోజుల కిందట సూది వేయించుకుని తలనొప్పితో వచ్చిన మనిషికి బ్రెయిన్ స్కాన్ తీయించి, ప్లేట్‌లెట్లు చూసి, ఫారం నింపి జిల్లా అధికారికి పంపే తీరిక ఎవరికుంది? జర్మనీలో దొరికి మన దగ్గర దొరకనివాటిలో కొన్ని లేనివి, కొన్ని చూడనివి. ఏవెన్నో విడదీసే మార్గం లేదు.

ఇంకో లెక్క చూస్తే ఇది అర్థమవుతుంది. 2022 నవంబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్ ప్రకారం అప్పటికి 219.86 కోట్ల డోసులు వేశారు. టీకా తర్వాతి ఇబ్బందులుగా నమోదైన కేసులు 92,114. అందులో చిన్నాచితకా ఇబ్బందులు 89,332, తీవ్రమైనవి 2,782. భాగహారం చేస్తే దాదాపు 24 వేల డోసులకు ఒక ఇబ్బంది. సూది వేయించుకున్న రాత్రి ఒళ్లు కాలి, పారాసెటమాల్ వేసుకుని పడుకున్న మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. 24 వేల డోసులకు ఒక్కరికే జ్వరం వచ్చిందంటే ఏ ఆశా కార్యకర్తా నమ్మదు. బ్రిటన్‌లో సుమారు 15 కోట్ల డోసులకు నాలుగు లక్షలకు పైనే ఫిర్యాదులు నమోదయ్యాయి. అక్కడి టీకా మనదానికంటే చెడ్డదని కాదు దీని అర్థం. ఎల్లో కార్డ్ అనే పద్ధతిలో ఎవరైనా, డాక్టరే కానక్కర్లేదు, ఫోన్‌లోంచి కూడా ఫిర్యాదు పంపొచ్చు. ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయంటే వ్యవస్థ చెవులు పనిచేస్తున్నాయన్నమాట. మన దగ్గర తక్కువ అంకెను చూపి, చూడండి ఎంత సురక్షితమో అన్నారు. థర్మామీటర్ పెట్టకుండా జ్వరం లేదన్నట్టే.

నమోదైన కేసు ఏమవుతుందో కూడా చూడాలి. జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ, జాతీయ కమిటీ. చివర్లో ఒక అక్షరం పడుతుంది. 'ఎ' పడితే టీకాతోనో, వేసిన తీరుతోనో, సూది భయంతోనో సంబంధం ఉన్నట్టు. 'బి' పడితే తేలలేదని. 'సి' పడితే కాకతాళీయమని. 'డి' పడితే తేల్చడానికి కావలసిన వివరాలు లేవని. టీకా వల్లే చనిపోయినట్టు జాతీయ కమిటీ మొదట ఒప్పుకున్న కేసు 68 ఏళ్ల పెద్దాయనది. 2021 మార్చి 8న సూది వేయించుకున్నాక తీవ్ర అలర్జీతో చనిపోయారు. ఆ సంగతి బయటికొచ్చింది జూన్‌లో. రికార్డులున్నచోట ఇలా తేలుతుంది. ఇంట్లో, నిద్రలో పోయిన మనిషి సంగతేమిటి? కోవిడ్ రోజుల్లో పోస్ట్‌మార్టం అంటే ఇంటివాళ్లకు భయం, ఆస్పత్రికి భారం. దహనం అయిపోయాక 'డి' తప్ప ఇంకే అక్షరమూ పడదు. కోర్టులో మళ్లీ అదే 'డి' ఆ కుటుంబానికి అడ్డం తిరుగుతుంది.

ఖాళీని వదంతి నింపింది

2025 జూన్‌లో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో కొన్ని వారాల వ్యవధిలో ఇరవై మందికి పైగా గుండెపోటుతో చనిపోయారని, వాళ్లలో కుర్రవాళ్లున్నారని వార్తలొచ్చాయి. జులై 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, టీకాలకు తొందరపడి అనుమతివ్వడం కూడా కారణం కావచ్చనేశారు. మరునాడే కేంద్ర ఆరోగ్య శాఖ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఎయిమ్స్ అధ్యయనాలు ముందు పెట్టి సంబంధం లేదని ఖండించింది. తర్వాత కర్ణాటక ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే టీకాకూ ఈ మరణాలకూ ముడిపెట్టలేమని తేల్చింది. జయదేవ గుండె ఆస్పత్రి ముందు పరీక్షల కోసం జనం బారులు తీరారు. ముఖ్యమంత్రి మాట ఖరీదు అది.

ఐసీఎంఆర్ అధ్యయనం పనికొచ్చేదే. 47 పెద్దాస్పత్రుల నుంచి, 18 నుంచి 45 ఏళ్ల లోపు, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 729 మందిని తీసుకుని, వాళ్ల వయసూ ఊరూ కలిసేలా బతికున్న 2,916 మందితో పోల్చారు. టీకా వల్ల ముప్పు పెరగలేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్లకు తగ్గింది కూడా. ముప్పు పెంచినవి వేరే. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో హఠాన్మరణాల చరిత్ర, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఒంటికి మించిన వ్యాయామం.

ఇంత మంచి జవాబు చేతిలో ఉండి కూడా జనం ఎందుకు నమ్మలేదు? ఒక కారణం, అడ్డం తిరిగిన అధ్యయనాలతో మన వ్యవస్థ వ్యవహరించిన తీరు. 2024 మేలో బనారస్ హిందూ యూనివర్సిటీ పరిశోధకులు కోవాగ్జిన్ వేసుకున్న 926 మందిని ఫోన్‌లో అడిగి, సుమారు మూడో వంతు మంది ఏదో ఒక సమస్య చెప్పారని ఒక వైద్య పత్రికలో పేపర్ వేశారు. అది బలహీనమైన పేపరే. పోల్చి చూడటానికి టీకా వేసుకోని గుంపు లేదు. ఏడాదిలో మూడో వంతు మందికి దగ్గో, జ్వరమో టీకా లేకపోయినా వస్తుంది. ఐసీఎంఆర్ ఆ లోపాలు ఎత్తిచూపుతూ ఉత్తరం రాసింది. అక్కడితో ఆగితే అది శాస్త్రం. భారత్ బయోటెక్ పరిశోధకుల మీదా, పత్రిక సంపాదకుడి మీదా హైదరాబాద్ కోర్టులో పరువునష్టం దావా వేసింది. సెప్టెంబర్‌లో ఆ పేపర్‌ను పత్రిక ఉపసంహరించుకుంది. ఇక రేపు ఇంకో విశ్వవిద్యాలయంలో, సరైన పద్ధతిలో, ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే ప్రొఫెసర్ ముందు తన లాయర్‌ను అడగాల్సి వస్తుంది.

మీ ఇష్టంతోనే వేసుకున్నారుగా

టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు 2021లోనే సుప్రీంకోర్టుకెళ్లారు. దర్యాప్తు చేయించండి, పరిహారం ఇప్పించండి అని. దానికి జవాబుగానే 2022 నవంబర్ అఫిడవిట్ వచ్చింది. అందులో కేంద్రం సానుభూతి తెలిపింది. తర్వాత చెప్పిందేమిటంటే, టీకాలు తయారు చేసింది వేరే కంపెనీలు, ప్రభుత్వాన్ని బాధ్యుణ్ని చేయడం చట్టరీత్యా కుదరదు. వివరాలన్నీ అందుబాటులో ఉండగా, తన ఇష్టంతో టీకా కేంద్రానికి నడిచొచ్చి సూది వేయించుకున్న మనిషి, నాకు తెలియకుండా జరిగిందనడానికి లేదు. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకో వినియోగదారుల ఫోరానికో వెళ్లొచ్చు.

'వివరాలన్నీ అందుబాటులో' అన్న దగ్గర మళ్లీ ఆ మడత కాగితం గుర్తుకు రాక తప్పదు.

'తన ఇష్టంతో' అన్నదానికి 2021లోకి వెళ్దాం. కాగితం మీద టీకా ఎప్పుడూ స్వచ్ఛందమే. ముంబయిలో ఆగస్టు 15 నుంచి రెండు డోసులు పడ్డవాళ్లకే లోకల్ ట్రైన్. నవంబర్‌లో మహారాష్ట్రలోని ఔరంగాబాద్ జిల్లా యంత్రాంగం టీకా లేనివాళ్లకు రేషన్, పెట్రోలు ఇవ్వొద్దని ఆదేశించింది. జీతం కోసం రైలెక్కాల్సినవాడికి, బియ్యం కోసం క్యూలో నిలబడాల్సినావిడకు ఇష్టాయిష్టాలేముంటాయి? 2022 మే 2న డాక్టర్ జాకబ్ పులియెల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం టీకా కోసం ఎవరినీ బలవంతం చేయకూడదని, అప్పటి పరిస్థితుల్లో ఈ ఆంక్షలు తగినవి కావని చెప్పింది. అదే తీర్పులో టీకా విధానాన్ని సమర్థించింది కూడా. దుష్ప్రభావాల ఫిర్యాదులు జనం స్వయంగా ఇచ్చే, అందరూ చూడగలిగే ఏర్పాటు చేయమంది. తీర్పులో ఒక ముక్క వీళ్లు, ఇంకో ముక్క వాళ్లు పట్టుకుపోయారు. ఫిర్యాదుల ఏర్పాటు గురించిన మూడో ముక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇక సివిల్ కోర్టు. గ్రామంలో కూతుర్ని పోగొట్టుకున్న కుటుంబం, ఏ బ్యాచ్ టీకాలో ఏ లోపం ఉందో నిరూపించి, వేల కోట్ల కంపెనీ మీద గెలవాలి. గమ్మత్తేమిటంటే ఇక్కడ లోపమేమీ లేకపోవచ్చు. టీకా సరిగ్గానే తయారై, సరిగ్గానే నిల్వ ఉండి, నర్సు సరిగ్గానే వేసి, అయినా లక్షల్లో ఒక ఒంటికి పడకపోవచ్చు. తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం ఒకరిది. తప్పు నిరూపిస్తేనే పరిహారమనే చట్టంలో ఇలాంటివాళ్లకు చోటు లేదు.

కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కుటుంబాలకు విపత్తు నిధి నుంచి 50 వేల రూపాయలు ఇచ్చారు, సుప్రీంకోర్టు వెంటపడ్డాక. టీకాతో పోయినవాళ్లకు అది వర్తించదని, కోవిడ్ విపత్తుగా ప్రకటితమైంది గానీ టీకా కాలేదని 2025లోనూ కేంద్రం వాదించింది. అక్షరాలా చూస్తే సరే. కానీ ఆ విపత్తును ఎదుర్కోడానికే కదా టీకా?

ఇలాంటి పరిహారం మన దేశానికి కొత్తదేమీ కాదు. కు.ని. ఆపరేషన్ విఫలమైనా, ప్రాణం పోయినా పరిహారమిచ్చే పథకం ఉంది. అక్కడా ఆరోగ్యంగా ఉన్న మనిషే, సర్కారు కోరిన పనికోసమే, ప్రభుత్వాస్పత్రికి వెళ్తుంది. ఆ డబ్బు ఇవ్వడం వల్ల కు.ని. ఆపరేషన్లు ప్రమాదకరమని సర్కారు ఒప్పుకున్నట్టు ఎవరూ అనుకోలేదు.

ప్రభుత్వం వైపు చెప్పుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. ఫైజర్, మోడెర్నా మన దేశంలోకి రావాలంటే దావాల నుంచి చట్టపరమైన రక్షణ కావాలని పట్టుబట్టాయి. కేంద్రం ఒప్పుకోలేదు. 2021 జూన్‌లో సీరం కూడా, ఇస్తే అందరికీ ఇవ్వండని అడిగింది. ఎవరికీ ఇవ్వలేదు. కంపెనీకి రక్షణ ఇవ్వకపోవడం మంచిదే. కానీ రక్షణ ఇచ్చిన చాలా దేశాలు దానికి జోడీగా బాధితులకు పరిహార పథకం పెట్టాయి. కోవిడ్ టీకాలు జోరుగా వేసిన రోజుల్లో మన దగ్గర రెండోదీ లేదు.

అమెరికాలో పంది ఫ్లూ నేర్పిన పాఠం

1976లో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో పంది ఫ్లూ బయటపడితే అధ్యక్షుడు ఫోర్డ్ దేశమంతటికీ టీకా అన్నారు. అది ఎన్నికల సంవత్సరం. ఇన్సూరెన్స్ కంపెనీలు టీకా కంపెనీలకు బీమా ఇవ్వమన్నాయి. దాంతో దావాలన్నీ ప్రభుత్వమే భరించేలా ఆగస్టులో చట్టం చేశారు. పది వారాల్లో సుమారు నాలుగున్నర కోట్ల మందికి వేశారు. కాళ్లు చేతులు చచ్చుబడే గిలియన్ బారే జబ్బు లక్ష మందిలో ఒకరికి అదనంగా వచ్చింది. అసలు మహమ్మారి రాలేదు. డిసెంబర్‌లో కార్యక్రమం ఆపేశారు. వేలల్లో క్లెయిములు పడ్డాయి.

ఆ తర్వాత పదేళ్లకు, 1986లో, పిల్లల టీకాల పరిహార చట్టం వచ్చింది. టీకా అడ్డుకునే ప్రతి జబ్బుకూ డోసుకు 75 సెంట్ల పన్ను. ఆ నిధి నుంచి, ఎవరి తప్పూ నిరూపించక్కర్లేకుండా పరిహారం. బ్రిటన్‌లో 1979 నుంచే ఇలాంటిది ఉంది. అక్కడ ఒకేసారి 1,20,000 పౌండ్లు ఇస్తారు, కాకపోతే 60 శాతం అంగవైకల్యం ఉండాలి. 59 ఉంటే సున్నా. ఆ గీత క్రూరమని అక్కడ గొడవ. అమెరికాలో కోవిడ్ టీకాలను మంచి పథకంలో కాకుండా, ఏడాది లోపు దరఖాస్తు చేసి తీరాల్సిన పిసినారి పథకంలో పడేశారు. తిరస్కరణలే ఎక్కువ.

అక్కడ ఆ అసంతృప్తిని పెట్టుబడిగా మలచుకున్నవాళ్లు అధికారంలోకి వచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఆరోగ్య మంత్రి అయిన రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్, జూన్‌లో టీకా సలహా కమిటీలోని 17 మందినీ ఒక్క దెబ్బకు తీసేశారు. అదే ఏడాది టెక్సస్‌లో తట్టు చెలరేగి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ రాష్ట్రంలో మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. బాధితుల మాట వినే వ్యవస్థ సరిగ్గా లేకపోతే, వింటామని వచ్చేవాళ్లు టీకాలనే లేకుండా చేస్తారన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

భద్రాచలం హాస్టళ్లు

మనకు అమెరికా దాకా వెళ్లాల్సిన పనీ లేదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. సుమారు 14 వేల మంది పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. తర్వాతి నెలల్లో ఖమ్మంలో ఐదుగురు, వడోదరలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. సీపీఎం నాయకురాలు బృందా కారత్ ఈ సంగతి కేంద్ర ఆరోగ్య మంత్రి ముందుకు తెచ్చారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

విచారణలో తేలిందేమిటి? మరణాలకు టీకా కారణం కాదు. ఒకరు నీళ్లలో మునిగారు, ఒకరిని పాము కరిచింది, పురుగు మందు తాగినవాళ్లున్నారు, మలేరియా ఉంది. టీకా మంచిదే. ప్రపంచమంతా వేస్తున్నదే. కానీ అదే విచారణ ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. తల్లికీ తండ్రికీ తెలియదు. చేతికి కార్డు ఇచ్చి, ఇది మీ మంచికే అన్నారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఐసీఎంఆర్‌ను, ఔషధ నియంత్రణ అధికారులను గట్టిగానే దులిపింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

అప్పుడు అధికారంలో ఉన్నది యూపీఏ. ఇప్పుడు కోవిడ్ టీకాల మీద లేచే కాంగ్రెస్ అప్పుడు మౌనం, ఇప్పుడు మౌనంగా ఉన్న బీజేపీ అప్పుడు ప్రతిపక్షం. జరిగిన నష్టం మాత్రం పార్టీలకు కాదు. టీకా తప్పు కాదని తేలాక కూడా, హెచ్‌పీవీ పేరెత్తడానికి ఆరోగ్య శాఖ ఏళ్ల తరబడి జంకింది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్న మాట కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వినబడింది 2024 ఫిబ్రవరిలో. ఖమ్మంలో సూది వేయించుకున్న పిల్లల్లో చాలామందికి అప్పటికి పాతికేళ్లు దాటాయి.

యాభై రోజుల వాక్యం

2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు కోవాగ్జిన్ వేయించుకునేవాళ్ల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. మూడో దశ ఫలితాలు రాలేదు గనక దాన్ని 'క్లినికల్ ట్రయల్ మోడ్'లో ఇస్తున్నారు. అందులో ఉన్నది ఇది: ఏదైనా తీవ్ర సమస్య వస్తే ప్రభుత్వం నిర్ణయించిన ఆస్పత్రుల్లో చికిత్స అందుతుంది. ఆ సమస్య టీకా వల్లే వచ్చిందని రుజువైతే భారత్ బయోటెక్ పరిహారం చెల్లిస్తుంది. మనుషుల మీద మందుల ప్రయోగాలకు 2019 నుంచి ఉన్న నిబంధనల స్ఫూర్తే అది.

ఆ కాగితం చూసి అప్పట్లో చాలామంది భయపడ్డారు. పరిహారం అన్నారంటే ఏదో ఉందన్నమాటే అని కొందరు కోవిషీల్డ్ కావాలన్నారు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు అలాంటి కాగితమే లేదు. అంటే దేశంలో ఆ రోజుల్లో, ఒకే టీకా కార్యక్రమంలో, టీకా వల్ల నష్టం జరిగితే ఫలానావారు బాధ్యులు అన్న రాతపూర్వక హామీ ఉన్నవాళ్లు కొందరు, లేనివాళ్లు కొందరు. ఎక్కువ భయపడింది హామీ ఉన్నవాళ్లు.

మార్చి మొదటి వారంలో కోవాగ్జిన్ మధ్యంతర ఫలితాలు వచ్చాయి. ఆ నెల 10, 11 తేదీల్లో నిపుణుల కమిటీ సిఫార్సు మీద 'ట్రయల్ మోడ్' ఎత్తేశారు. కంపెనీకి అది గౌరవం, నర్సులకు పని తేలిక. సంతకాల కాగితం పోయింది. దాంతో పాటే పరిహారం వాక్యమూ పోయింది. అప్పటికి ఆరోగ్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి కాక, 45 ఏళ్లు దాటి బీపీ, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లకూ, 60 దాటినవాళ్లకూ మాత్రమే టీకాలు పడుతున్నాయి. 18 దాటిన కుర్రకారు వంతు మే 1 నుంచి వచ్చింది.